ఎక్కే రేవు

మా డాబా మీద లైట్లు ఆర్పేసి ముగ్గురం టార్చిలు గుండ్రంగా తిప్పుకుంటుంటే, పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీంచి తొంగిచూసి, "ఏం పోయింది బాబూ, వెతుకుతున్నారు?" అని అడిగారు. రాత్రిపూట సముద్రం అడుగున మాట్లాడుకోవడం ప్రాక్టీసు చేస్తున్నామంటే నమ్మేలా లేరు. "బండి తాళం పిన్నిగారూ" అన్నాడు మా బావ.

బెజవాడ సత్యనారాయణపురంలో ఆ డాబా మీదే సగం ప్రయాణం జరిగింది. మాకు దగ్గరి సముద్రం మచిలీపట్నం, 70 కిలోమీటర్లు. కానీ అక్కడంతా కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు, బురద. రాళ్ళ ఒడ్డు కావాలంటే 350 కిలోమీటర్లు పోయి విశాఖ చేరాలి. నేనూ నా స్నేహితుడూ రెండేళ్ళ కిందట అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపంలో స్కూబా డైవింగ్ (వీపున గాలి సిలిండర్‌తో నీళ్ళ అడుగున ఈదడం) నేర్పే తొలి మెట్టు, ఓపెన్ వాటర్ కోర్సు చేశాం. దాంతో 18 మీటర్ల లోతు దాకా వెళ్ళొచ్చు. పగటిపూట పడవ మీంచి వెనక్కి దొర్లి దిగడం అలవాటే. రాత్రి, అదీ రాళ్ళ మీంచి నడుచుకుంటూ దిగడం ఇద్దరికీ కొత్త. బావకి ఈతే రాదు. అరకు చూపిస్తామంటే వస్తానన్నాడు.

తేదీ కోసం ముందుగా గోడ మీది క్యాలెండర్ తీశాం. అమావాస్యకీ పౌర్ణమికీ ఆటుపోట్ల తేడా ఎక్కువ. అష్టమి దాటిన ఒకటి రెండు రోజుల్లో బాగా తగ్గుతుంది. విశాఖలో ఎక్కువున్నప్పుడు కూడా ఆ తేడా మీటరున్నర ప్రాంతమే. అయినా రాళ్ళ దగ్గర ఒక్క అడుగు నీళ్ళు తగ్గితే, పగలు చూసుకున్న మెట్టు రాత్రికి మెట్టుగా ఉండదు. అందుకని రథసప్తమి తర్వాత వచ్చే శనివారం ఖాయం చేశాం. చీకటి పడేసరికి చంద్రుడు పైనుంటాడు, ఒడ్డున కాస్త వెలుగు. ఈ మొత్తంలో మా అమ్మకి తిథి ఒక్కటే నచ్చింది. "జిల్లేడాకులు పెట్టుకుని ఇంట్లో స్నానం చేస్తే చాలదా, అంత దూరం పోయి మునగాలా?" అంది.

తర్వాత గాలి లెక్క. సిలిండర్ 11 లీటర్లది. 200 బార్ ఒత్తిడితో నింపితే 2,200 లీటర్ల గాలి. ఒడ్డున నేను నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాననుకుంటే, 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు కాబట్టి 40 లీటర్లు ఖర్చవుతుంది. చివరి 50 బార్ ముట్టుకోకూడదు. మిగతా 1,650 లీటర్లు 41 నిమిషాలు వస్తాయి. అది కాగితం మీద. చీకట్లో టెన్షన్‌కి ఎంత పీలుస్తామో కాగితానికేం తెలుసు? అందుకని 30 నిమిషాలే అనుకున్నాం. ఎవరి గాలి మీటర్ ముందు 130 బార్ చూపినా ఇద్దరం వెనక్కి తిరగాలి.

మనిషికి రెండు టార్చిలు, సిలిండర్‌కి కట్టే చిన్న లైటు ఒకటి. టార్చి గుండ్రంగా తిప్పితే బాగున్నానని, నిదానంగా అటూ ఇటూ ఊపితే ఇటు చూడమని, గబగబా ఊపితే ఆపదని. చేత్తో సైగ చేయాలంటే వెలుగు ఆ చేతి మీద పడాలి, ఎదుటివాడి కళ్ళలో కాదు. డాబా మీద నాలుగు రాత్రులు చేసినా మావాడు నా కళ్ళలోకే కొట్టాడు.

అసలు గొడవ అరకు దగ్గర వచ్చింది. ఆదివారం పొద్దున కిరండూల్ రైలుకి బావ అందరికీ టికెట్లు తీసేశాడు. నీళ్ళ కింద పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది. అది నెమ్మదిగా బయటకు పోవాలి. ఈలోగా గాలి పల్చబడే ఎత్తుకు పోతే బుడగలు కట్టి ప్రాణం మీదికి రావచ్చు. విమానం ఎక్కాలంటే ఒక్క డైవ్ తర్వాత 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలని చెబుతారు. అరకు 900 మీటర్ల పైన ఉంది, మేమేమో ఆ రోజు రెండుసార్లు దిగుతున్నాం. విమానం సంగతి అందరికీ గుర్తుంటుంది, ఘాట్ రోడ్డు ఎవరికీ గుర్తుండదు. నాకూ ఉండేది కాదు, కోర్సు పుస్తకం మళ్ళీ తిరగేశాను కాబట్టి సరిపోయింది. బావ ముఖం మాడ్చుకున్నాడు.

శనివారం పొద్దున్నే రత్నాచల్ ఎక్కాం. రాజమండ్రి దాకా నిద్ర. మధ్యాహ్నం రెండున్నరకి ఋషికొండ దాటాక, భీమిలి రోడ్డు పక్కన ఒక రాళ్ళ మూలలో నిలబడ్డాం. మమ్మల్ని తీసుకెళ్ళే గైడ్ అన్న అక్కడివాడే. మేం దిగే చోటు చూపించి మురిసిపోతుంటే, "దిగడం సరేనండీ, ఎక్కడెక్కుతారేటి?" అన్నాడు.

చిన్నప్పుడు మా తాతయ్య బందరు కాలవలో ఈత నేర్పుతూ అచ్చం ఇదే అడిగేవాడు. "ఎక్కే రేవు చూసుకుని దిగరా" అని. కాలవ నిండుగా పారుతున్నప్పుడు ఎవడైనా దూకుతాడు, నున్నటి గట్టు పట్టుకుని పైకి రావడమే కష్టం. మాకు అలవాటైన కృష్ణ ఘాట్లకి మెట్లుంటాయి. ఇక్కడ నత్తగుల్లలు అంటుకున్న రాయి, చెయ్యి వేస్తే కోసుకుపోతుంది. అరగంట కూర్చుని కెరటాలు లెక్కపెట్టాం. పెద్దవి గుంపుగా వస్తున్నాయి, ఆ తర్వాత కాసేపు తెరిపి. ఎక్కడానికి ఏటవాలు రాయి ఒకటి చూసుకున్నాం. అది కుదరకపోతే ఇంకాస్త ఈది ఇసుక మీదికి. పగలే ఒకసారి దిగి ఆ దారంతా చూసొచ్చాం. దిక్సూచిలో వెళ్ళేటప్పుడు 120 డిగ్రీలు, వచ్చేటప్పుడు 300.

ఒడ్డు కాపలా బావది. లైటు ఒకటి కింది రాతి మీద, రెండోది దాని వెనక ఎత్తులో. నీళ్ళలోంచి రెండూ ఒకదాని మీద ఒకటి కనిపిస్తే సరైన దారిలో ఉన్నట్టు. 45 నిమిషాలు దాటితే ఎవరికి ఫోన్ చేయాలో రాసిచ్చాం.

పావుతక్కువ ఏడుకి తెరిపి చూసి దిగాం. సిలిండర్ గాలి అందించే రెగ్యులేటర్ నోట్లో, ఒక చెయ్యి మాస్క్ మీద. అన్న వెనకే ఉండి దారి మాకే వదిలేశాడు. పగలు బూడిదరంగులో కనిపించిన రాయి టార్చి వెలుగులో ఎర్రగా, నారింజగా ఉంది. లోతుకు పోయేకొద్దీ నీళ్ళు ముందు ఎరుపునే మింగేస్తాయి, టార్చి దాన్ని తిరిగిస్తుంది. ఒక సందులోంచి ఈల్ చేప నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. బెదిరింపేమీ కాదు, దాని ఊపిరే అంత. రాతికి చిక్కుకున్న పాత వల ఒకటి కనిపిస్తే దూరంగా జరిగాం. ఒకచోట ఇసుక మీద మోకరిల్లి టార్చిలు గుండెకు అదుముకుని చేతులు ఊపితే, వేళ్ళ చుట్టూ నీలం నిప్పురవ్వలు, కదిపితే మెరిసే సూక్ష్మజీవులు. ఎంతసేపు ఊపామో తెలీదు. నా మీటర్ 130కి వచ్చింది, అనుకున్నదానికంటే నాలుగు నిమిషాలు ముందే.

నైట్రోజన్ కొంత పోయేలా ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి పైకొచ్చేసరికి ఒడ్డున రెండు కాదు, మూడు లైట్లున్నాయి. సాయంత్రం లేని మొక్కజొన్న కంకుల బండి ఒకటి వచ్చి తెల్ల బల్బు వెలిగించుకుంది. మావీ తెల్లవే. వాటికి రంగు కాగితం చుట్టాలని మాకెవరికీ తోచలేదు. 300 డిగ్రీలు పట్టుకుని ఈదుతుంటే ఎత్తు మీది లైటు గుండ్రంగా తిరగడం మొదలైంది. డాబా మీది పాఠం బావకి బాగానే వంటబట్టింది. రాళ్ళ ముందు ఆగి, పెద్ద కెరటాలు పోనిచ్చి, చిన్నదాంతోపాటు ఏటవాలు రాతి మీదికి చేరి, లేచి నిలబడకుండా చేతుల మీద పాకుతూ ఎక్కాం. నా మోకాలు కొంచెం గీరుకుంది.

ఆదివారం పొద్దున బావ ఒక్కడే కిరండూల్ రైలెక్కాడు. మేం బీచ్ రోడ్డులో ఇడ్లీ తిని, సముద్రమట్టాన్ని అంటిపెట్టుకుని కూర్చున్నాం. పదకొండున్నరకి బొంగు చికెన్ ఫొటో వచ్చింది. కింద, "ఇక్కడ గాలి భలే పల్చగా ఉందిరా" అని.