మంగళవారం డ్యూటీ

"ఏదో ఒకటి రాయి, రెండు పేజీలు దాటొద్దు" అని మన బడి బ్యాచ్ సంచిక కమిటీ తరఫున ప్రొఫెసర్ మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి "నీకేం, రాత్రంతా మెలకువగానే ఉంటావుగా" అన్నాడు. వాడికి ఆ పేరు ఎలా వచ్చిందో వాడి పిల్లలకు ఇంకా తెలియదట. ఎవరూ చెప్పకండి.

ఆరు, ఏడు తరగతులు నాకు గుర్తులేవు. పదో తరగతి గురించి మిగతావాళ్లు రాస్తారు. నాకు బడి అంటే ఎనిమిది బి, శుక్రవారం ఆఖరి పీరియడ్, లైబ్రరీ మాస్టారు.

మాస్టారు పుస్తకం మన చేతికిచ్చేవారు కాదు. ఇంగ్లీషు పుస్తకం ఒళ్లో పెట్టుకుని తెలుగులో చెప్పుకుంటూ పోయేవారు. ఎరిక్ కేస్ట్‌నర్ 1929లో రాసిన ఎమిల్ కథ అలాగే విన్నాం. అమ్మ ఇచ్చిన డబ్బు, 140 జర్మన్ మార్కులు, జేబులో పెట్టుకుని పిల్లవాడు ఒంటరిగా బెర్లిన్ రైలెక్కాడు అనగానే, వెనక బెంచీ నుంచి "నూటికే కదా సార్!" అని కేక. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. ఆ కేక ఎవరిదో, ఆ ఏడు లెక్కల్లో వాడికి ఎన్నొచ్చాయో మీకు తెలుసు.

రైల్లో ఎమిల్ నిద్రపోతాడు, డబ్బు పోతుంది. "మరి పోలీసులకు ఎందుకు చెప్పలేదు?" అని మాస్టారు ఒక పీరియడంతా మనల్నే అడిగారు. సొంత ఊళ్లో విగ్రహానికి ముక్కు ఎర్రగా పూసి వచ్చాడు, అందుకని. తప్పు చేసి ఉన్నవాడు పెద్దవాళ్లను పిలవలేడు, పిలవలేనివాడే బుర్ర వాడతాడు అని ఆయన వాదన. పిల్లల నవలల మీద ఇంతకంటే తెలివైన మాట నేను మళ్లీ వినలేదు.

ఆ వారమే మన బడిగంట సుత్తి మాయమైంది. ఇంకేం, దళం తయారు. హారన్ ఉన్న సైకిల్‌వాడు గుస్తావ్. కళ్లజోడువాడు ప్రొఫెసర్. సంకేతపదం, కథలో లాగే, ఎమిల్. కథలో టెలిఫోన్ దగ్గర కూర్చునే బుడ్డోడి పేరు చిన్న మంగళవారం. ఆ పని నాకు పడింది. మనకు టెలిఫోన్ లేదు కాబట్టి గేటు పక్క అరుగు. ఎవరు ఏ కబురు తెచ్చినా నాకు చెప్పాలి, నేను కదలకూడదు.

సుత్తి ఎక్కడ దొరికిందో, ఎవరి సంచిలో దొరికిందో ఇక్కడ రాయను, ఆయన అల్లుడు కూడా ఈ సంచిక చదువుతాడు. మీరంతా కేకలేసుకుంటూ వెనక గోడ దూకి ఇళ్లకు పోయారు. నాకు చెప్పాలని ఒక్కడికీ తోచలేదు. చీకటి పడుతుండగా లైబ్రరీకి తాళం వేసి వస్తూ మాస్టారు చూశారు.

"ఇక్కడేం చేస్తున్నావు?"

"డ్యూటీ సార్."

ఆయన నవ్వలేదు. పక్కనే కూర్చుని, పుస్తకం తీసి, వెలుతురున్నంత వరకూ నాకొక్కడికే చివరి అధ్యాయాలు చెప్పారు. నోట్లకున్న గుండుసూది చిల్లులతో దొంగ ఎలా పట్టుబడ్డాడో, 1,000 మార్కుల బహుమతి ఎలా వచ్చిందో. ఆ తర్వాత అమ్మమ్మ మాట. దొంగను తరమాలని ఎంత ఉన్నా, ఒప్పుకున్నాను కదా అని ఫోన్ దగ్గరే కూర్చున్న పిల్లవాణ్ణి ఆవిడ అందరి ముందూ మెచ్చుకుంటుంది. ఆ పేరా మాత్రం మాస్టారు రెండుసార్లు చదివారు. తర్వాతి రెండు శుక్రవారాలు "ఏమవుతుంది సార్?" అని మీరు గోల పెడుతుంటే నేనూ మీతోపాటు అడిగాను. ఇన్నాళ్లకు చెబుతున్నాను.

తర్వాత జూల్ వెర్న్‌ది, 15 మంది కుర్రాళ్లు దీవిలో చిక్కుకునే నవల మొదలైంది. వాళ్లు నాయకుణ్ణి ఎన్నుకునే వేళకి పరీక్షలొచ్చాయి. మన లీడర్ ఎన్నిక సంగతి ప్రొఫెసర్ ఎలాగూ అచ్చు వెయ్యడు.

మీలో దేశాలు దాటినవాళ్లున్నారు, కంపెనీలు పెట్టినవాళ్లున్నారు. నేను కరెంటు గ్రిడ్ కంట్రోల్ రూమ్‌లో ఉన్నాను. ఎదురుగా కరెంటు ఫ్రీక్వెన్సీ, అంటే 50 హెర్ట్జ్, చూపించే తెర, పక్కన ఫోన్లు. వాడకం ఉత్పత్తిని మించితే ఆ అంకె కిందికి జారుతుంది. అన్నీ సవ్యంగా ఉంటే ఎవరికీ మేం గుర్తురాం. ఒక గాలివాన రాత్రి లైన్లు ఒకదాని వెంట ఒకటి ట్రిప్ అవుతుంటే నాలుగు గంటలు కుర్చీ దిగలేదు. మర్నాడు పేపర్లో ఏమీ రాలేదు. దీపాలు ఆరలేదు కాబట్టి రాలేదు. ఆ పేపరు దాచుకున్నాను.

ప్రొఫెసర్, రెండు పేజీలూ అయిపోయాయి. గుస్తావ్ వస్తున్నాడో లేదో కనుక్కో. వస్తే హారన్ తెమ్మను. గేటు దగ్గర నేనుంటాను, సంకేతపదం చెబితేనే లోపలికి.