బంకు మంచం పరదా వెనుక

దుబాయి శివార్లలోని ముహైస్నా ప్రాంతాన్ని ఆ పేరుతో పిలిచే కార్మికుడు నాకు ఇంతవరకు తారసపడలేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ జిల్లాల నుంచి వచ్చిన మాకు అది సోనాపూర్. ఇక్కడి లేబర్ క్యాంపుల్లో ఒక్కో మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల చోటు ఇవ్వాలని ప్రభుత్వ నిబంధన ఉంది. మంచం, సూట్‌కేసు, బియ్యం సంచి, సేఫ్టీ బూట్లు, గోడకు అంటించిన దేవుడి పటం అన్నీ ఆ కొలతలోనే సర్దుకుంటాయి. మనిషి నడుం వాల్చడానికి ఆ చోటు చాలుతుంది. తన బతుకు ఎటు పోతున్నదో కాసేపు ఆలోచించుకోవడానికి కావలసిన చోటు మాత్రం ఏ నిబంధనా ఇవ్వదు. దాన్ని గదిలో ఉన్నవాళ్ళే ఒకరికొకరు కల్పించుకోవాలి.

బతుకుతెరువు కోసం వచ్చినవాడికి ఇదంతా ఎందుకని కొందరు అడుగుతారు. ఆలోచన మా అందరికీ అత్యవసరమని నేను నమ్ముతాను. ఇరవై ఏళ్ళు ఉండిపోవాలని అనుకుని గల్ఫ్‌కు వచ్చేవారు లేరు. ఏజెంటుకు కట్టిన అప్పు తీర్చి, ఇల్లు కట్టుకుని, చెల్లెలి పెళ్ళి చేసి తిరిగి వెళ్ళాలనే అందరూ విమానం ఎక్కుతారు. వర్క్ పర్మిట్ రెండేళ్ళది. గడువు దగ్గరపడగానే కంపెనీ వాళ్ళు కాగితం ముందు పెడతారు, సంతకం పెట్టేస్తాము. ఉండాలా వెళ్ళాలా అన్నది మన జీవితంలోని పెద్ద నిర్ణయాల్లో ఒకటి. దాని గురించి ఒక్క అరగంటైనా స్థిమితంగా కూర్చుని ఆలోచించకుండానే అది జరిగిపోతుంది. మళ్ళీ రెండేళ్ళు, ఆపైన మరో రెండేళ్ళు. తల నెరిసిన తరువాత లెక్క చూసుకుంటే, పిల్లలు పెరిగిన కాలమంతా ఇక్కడే గడిచిపోయిందని తెలుస్తుంది.

ఆ అరగంట దొరకకపోవడానికి కారణం బద్ధకం కాదు. తెల్లవారుజామున నాలుగింటికే బాత్రూముల ముందు వరుస మొదలవుతుంది. రాత్రి వండుకున్న కూర డబ్బాలో సర్దుకుని, చీకటి ఉండగానే బస్సెక్కుతాము. బస్సులో నిద్ర, సైటులో ఫోర్‌మన్ కేకలు, సాయంత్రం మళ్ళీ బస్సు, వచ్చాక మెస్ వంతు. అందరూ తినేసరికి ఇక్కడ తొమ్మిది దాటుతుంది. ఇంటి దగ్గర గడియారం గంటన్నర ముందుంటుంది కనుక అక్కడ పిల్లలు అప్పటికే నిద్రపోయి ఉంటారు. అయినా గదిలో ఎనిమిది మందీ ఒకేసారి బోటిమ్ అనే కాలింగ్ యాప్‌లో ఇంటికి మాట్లాడుతుంటారు. ఒకరి వడ్డీ గొడవ, ఒకరి బిడ్డ జ్వరం, ఒకరి బోరుబావి సంగతి అందరి చెవుల్లోనూ పడతాయి.

మా గదిలో మార్పు ఒక చావుతో వచ్చింది. కోరుట్ల వైపు అన్న ఒకరికి తండ్రి పోయినట్టు కబురు వచ్చింది, అంత్యక్రియలకు అందుకోలేకపోయారు. ఆ రాత్రి ఆయన బాత్రూములో నల్లా విప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చారు. మరుసటి రోజు మా అందరిలోకీ వయసులో పెద్దవాడైన అన్న గదిలోవాళ్ళను కూర్చోబెట్టి, "తమ్మీ, ఏడ్వనీకి కూడా జాగ లేకపోతే ఇది రూమెట్లయితది?" అని అడిగారు. ఎవరమూ మాట్లాడలేదు. ఆ వారంలోనే ప్రతి బంకు మంచానికీ పరదా కట్టుకున్నాము. సైటులో కడ్డీలు బిగించడానికి వాడే బైండింగ్ వైరును పై మంచం చట్రం రంధ్రాల్లోంచి ఈ మూల నుంచి ఆ మూల దాకా లాగి, మధ్యలో వేలాడిపోకుండా రెండు చోట్ల మెలిపెట్టి, పాత దుప్పట్లు దాని మీదుగా వేశాము. వైరు కొన బట్టను, వేళ్ళను చీరకుండా దాన్ని లోపలికి వంచి టేపు చుట్టాలి. పరదా మూసి ఉంటే ఆ మనిషిని పిలవకూడదు. పదింటి తరువాత ఫోన్లన్నీ ఇయర్‌ఫోన్లతోనే. ఆ గంటలో నిద్రపోయేవారు నిద్రపోతారు, నమాజు చేసుకునే తమ్ముడు చేసుకుంటాడు, కొందరు ఊరికే కళ్ళు తెరిచి పడుకుంటారు. అలా పడుకోవడాన్ని కూడా నేను తక్కువగా చూడను.

వేసవిలో మరో అవకాశం ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:00 వరకు ఎండలో పని చేయించడం ఇక్కడ చట్టవిరుద్ధం. ఆ సమయంలో నీడలో పడుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతాము. ఆ ఎండకు శరీరం ముందుగా అడిగేది నిద్రనే, దాన్ని ఇవ్వాల్సిందే. నిద్ర రాని రోజు మాత్రం నేను చిన్న నోటుబుక్కు తీస్తాను. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పులో అసలు ఎంత మిగిలింది, ఈ నెల పంపిన డబ్బు దేనికి పోయింది, ఇప్పుడు ఊరికి వెళితే మొదటి ఏడాది ఏం చేసి బతకాలి అన్నవే అందులో రాస్తాను. మనసులో తిరుగుతున్నంతసేపు గుబులుగా ఉన్న విషయం, కాగితం మీదికి వచ్చాక ఒక అంకెగా మారుతుంది. అంకెతో మాట్లాడవచ్చు.

సెలవు రోజున కుదిరితే జబల్ అలీ వెళతాను. అక్కడ 2012లో తెరిచిన గురుద్వారా, 2022 అక్టోబరులో తెరిచిన హిందూ ఆలయం దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఆలయంలో దర్శనం అయ్యాక జనం కదిలిపోతూ ఉంటారు కాబట్టి నేను ఎక్కువసేపు కూర్చునేది గురుద్వారాలోనే. తలకు గుడ్డ కట్టుకుని ఓ మూల కూర్చుంటే ఎవరూ ఏ ఊరివాడివని అడగరు. తరువాత లంగరులో, అంటే గురుద్వారా వంటశాలలో, అందరికీ ఉచితంగా భోజనం పెడతారు. కానీ సోనాపూర్ నుంచి అంత దూరం వెళ్ళి రావడానికి సగం రోజు పోతుంది, ఉతకాల్సిన బట్టలు అలాగే ఉంటాయి. అందుకే కంపెనీలను ఒక్కటి అడగాలనిపిస్తుంది. క్యాంపుల్లో టీవీ హాలు కట్టిస్తారు, వాలీబాల్ నెట్టు కడతారు, అవి కావలసినవే. వాటితో పాటు టీవీ లేని ఒక చిన్న గది, నాలుగు కుర్చీలు, వేసుకోగల తలుపు ఇస్తే వాళ్ళకయ్యే ఖర్చు ఏపాటిది?

ఊళ్ళో నా భార్య కూడా అంతే సందడిలో ఉంది. అత్తమామల మందులు, పిల్లల బడి, పొదుపు సంఘం కిస్తీ అన్నీ ఆమె మీదే. మధ్యాహ్నం బీడీలు చుట్టే వేళ మాత్రం చేతులు పని చేస్తుంటే మనసు తనదిగా ఉంటుందని చెబుతుంది. అందుకని ఇప్పుడు సెలవు రోజు మధ్యాహ్నమే మాట్లాడుకుంటున్నాము. వీడియో పెట్టము. ఆమె చుడుతూనే మాట్లాడుతుంది, మధ్యలో ఇద్దరమూ మౌనంగా ఉన్నా ఫోను పెట్టేయము. డబ్బు పంపావా అన్న మాటతో మొదలై అక్కడే ముగిసే సంభాషణలు ఈ విధంగానే తగ్గాయి. ఇంటి మీద రెండో అంతస్తు వద్దని, ఆ డబ్బుతో మిగిలిన అప్పు తీర్చి పసుపు వేద్దామని మొన్న ఆమే అన్నది. "పైన గదులేసి ఎవలుంటరు, నువ్వే లేకపోతివి" అన్నది. ఆ లెక్క నోటుబుక్కులో రాసుకున్నాను. విత్తనం, కూలీలు, తొమ్మిది నెలల తిండి ఖర్చు కలిపి చూస్తే ఇంకా కొంత తక్కువ పడుతున్నది. నా పర్మిట్ గడువు ఫిబ్రవరిలో ముగుస్తుంది. కాగితం నా ముందుకు వచ్చేలోగా ఆ తక్కువను ఎలా పూడ్చాలో ఇద్దరమూ తేల్చుకోవాలి.