చెనిక్కాయల పరస నాడు

సోమవారం. కార్తీకంలో ఇదే చివరి సోమవారం.

పొద్దున ఐదున్నరకే ఫోన్ మోగింది. ఆ టైముకు మోగిందంటే ఊళ్లో ఎవరో పోయుండాలి, లేదా డ్యూటీకి ఎవరో రావట్లేదని చెప్పడానికై ఉండాలి. ఇవాళ రెండోదే. ఒకమ్మాయికి జ్వరం. ఇంకొకతను అన్న పెళ్లికని వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. మొత్తం ఉన్నదే తొమ్మిది మందిమి. పళ్లు తోముకుంటూనే రోస్టర్ మార్చాను. రోస్టర్ నేను పెన్సిల్‌తోనే రాస్తాను. ఎక్సెల్‌లో పెట్టండి మేడమ్ అని ఆఫీసు వాళ్లు ఏడాదిగా అడుగుతున్నారు. ఐదున్నరకు నోట్లో బ్రష్షు పెట్టుకుని ఎక్సెల్ తెరవమనండి, చూద్దాం.

బెంగళూరులో పిల్లల ఆసుపత్రిలో రెస్పిరేటరీ థెరపీ చూస్తున్నానంటే మా మేనమామ ఇప్పటికీ "అంటే గ్యాస్ డిపార్ట్‌మెంటా?" అంటాడు. మా లాంటి వృత్తుల వాళ్లందరికీ కలిపి 2021లో కేంద్రం ఒక చట్టం చేసింది. ఆ కబురు అనంతపురంలో మా మామ దాకా ఇంకా పోలేదు. నువ్వు డాక్టరా, నర్సా అని అడిగేవాళ్లకు చెప్పీ చెప్పీ ఒకటి ఖాయం చేసుకున్నాను: "ఊపిరి ఆడని పిల్లలకు ఊపిరాడేలా చూస్తాం." అప్పుడు "ఓహో, ఆక్సిజన్ పెడతారా" అంటారు. సరే, అంతే అనుకోండి.

ఏడున్నరకు ఐసీయూ. తలుపు తీయగానే నేను కళ్లతో కాదు, చెవులతో చూస్తాను. చివరి మంచం దగ్గర బబుల్ సీప్యాప్, ముక్కులోంచి ఒత్తిడితో గాలి పంపే మిషన్, గుడగుడమంటోంది. దానంత నిజాయితీ గల మిషన్ ఇంకోటి లేదు. సీసాలోని నీళ్లలో గొట్టం ఐదు సెంటీమీటర్లు ముంచితే బిడ్డ ఊపిరితిత్తులకు ఐదు సెంటీమీటర్ల నీటి ఒత్తిడి అందుతుంది. గుడగుడ ఆగిందంటే ముక్కు దగ్గర గొట్టం జారిందనో, బిడ్డ నోరు తెరిచిందనో అర్థం. పక్కన లక్షల రూపాయల వెంటిలేటర్లు రకరకాలుగా కూస్తుంటాయి కానీ, ఏ కూతకు పరుగెత్తాలో, ఏ కూతకు నడిచి వెళ్తే చాలో కొత్తవాళ్లకు నేర్పడానికి ఆరు నెలలు పడుతుంది.

ఐసీయూలోకి వెళ్లేముందు ఆక్సిజన్ మానిఫోల్డ్ గేజ్, అంటే వార్డులకు పోయే ఆక్సిజన్ ఒత్తిడి చూపే ముల్లు, చూసే వెళ్తాను. అది మెయింటెనెన్స్ వాళ్ల పని. తెలుసు. 2021 కోవిడ్ వేసవిలో ఆసుపత్రుల్లో పనిచేసిన వాళ్లెవరైనా ఆ ముల్లు చూడకుండా వెళ్లగలరా అన్నది నా అనుమానం.

ఇవాళ అసలు టెన్షన్ నాలుగో మంచం. నాలుగు నెలల బాబు, ఐదున్నర కిలోలు. వైరస్‌తో బ్రాంకియోలైటిస్ వచ్చి, అంటే ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాలు వాచి, ఆరు రోజులుగా వెంటిలేటర్ మీద ఉన్నాడు. నిన్నటి నుంచి తనంతట తానే ఊపిరి బాగా తీసుకుంటున్నాడు. గొంతులోని ట్యూబ్ తీసేద్దామని రౌండ్స్‌లో డాక్టర్ గారు అన్నారు. రోస్టర్ ప్రకారం ఆ మంచం మా టీమ్‌లో చిన్నమ్మాయిది. చేరి పద్నాలుగు నెలలైంది, పక్కన నిలబడి చాలా చూసింది, తన చేత్తో ఇంత చిన్న బిడ్డకు తీయడం ఇదే మొదలు.

"మీరుంటారు కదా మేడమ్?" అంది.

"ఉంటాను. చెయ్యి పెట్టను" అన్నాను.

చెప్పడం తేలికే. పాలు నాలుగు గంటల ముందే ఆపారు. నోట్లో, ట్యూబ్‌లో ఉన్న కఫం పీల్చేసింది, అదే సక్షన్. తీసిన వెంటనే పెట్టడానికి హై ఫ్లో, ముక్కులోంచి గాలి వేగంగా పంపే మిషన్, సిద్ధంగా పెట్టుకుంది, కిలోకు రెండు లీటర్ల లెక్కన నిమిషానికి పదకొండు. గొంతు వాచి కీచుమంటే ఇవ్వడానికి అడ్రినలిన్ కూడా. అంతా బాగానే ఉంది. ప్లాస్టర్ దగ్గర వచ్చింది చిక్కు. ట్యూబ్ తీయడం ఒక్క క్షణం పని, దాన్ని బుగ్గకు అంటించిన ప్లాస్టర్ ఊడదీయడమే ఐదు నిమిషాలు. ఆ పిల్ల పొడిగానే లాగబోయింది. బాబు బుగ్గ చర్మం ప్లాస్టర్‌తో పాటు పైకి లేచింది. నా కుడిచెయ్యి దానంతటదే ముందుకు పోయింది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని వెనక్కి పెట్టుకున్నాను. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, స్కూలు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన డీఈఓ లాగా నిలబడ్డాను.

"తడుపు" అన్నాను. ఒక్క మాట.

తడిపింది. మెల్లగా వచ్చేసింది. ట్యూబ్ తీసింది. బాబు ఏడ్చాడు, కానీ గొంతు బొంగురుపోయి బావిలోంచి వచ్చినట్టుంది. ఆమె స్టెతస్కోప్ పెట్టి రెండు వైపులా విని, డొక్కలు చూసి, మళ్లీ విని, అప్పుడు నావైపు చూసింది. ముందు బిడ్డను చూసి ఆ తరవాత నన్ను చూసింది. అది నాకు నచ్చింది. ఆ మాట ఆమెతో అనలేదు. రేపు అనాలి.

మధ్యలో కింద వార్డు నుంచి పిలుపు. ఒక తండ్రి కోపంగా ఉన్నాడు. హిందూపురం నుంచి వచ్చి రెండు రోజులైంది, "మిషన్ పెట్టరు, మందు పట్టరు, ముక్కులో నీళ్లేసి తీస్తారు, అంతే. దీనికా ఇంత దూరం వచ్చింది?" అంటున్నాడు. ఆయన్ను తప్పుపట్టలేను. ఊళ్లో పాపకు పిల్లికూతలు వచ్చిన ప్రతిసారీ నెబ్యులైజర్ పెట్టారు. ఇక్కడికొస్తే అదీ లేదు. ఏడు నెలల పిల్లకు బ్రాంకియోలైటిస్‌లో ఆ మందు పెద్దగా పనిచేయదు, గుండె దడ మాత్రం పెంచుతుంది. ముక్కు శుభ్రంగా ఉంచడం, అవసరమైతే ఆక్సిజన్, పాలో సెలైనో ఒంట్లోకి పోయేలా చూడటం, కాచుకుని ఉండటం, ఇంతే వైద్యం. "అన్నా, పసిపిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. మనకు జలుబు చేస్తే నోరు తెరుస్తాం, వీళ్లకది అంత చాతకాదు" అని చెప్పి, ఆయన ఎదురుగానే ముక్కు తీయించి, పాప డొక్కలు ఎగరేయడం ఎంత తగ్గిందో చూపించాను. తలూపాడు. పూర్తిగా నమ్మలేదని కళ్లే చెప్పాయి.

పన్నెండుకు కదిరి అమ్మ. రెండేళ్ల కొడుక్కి ట్రేకియాస్టమీ, అంటే మెడ ముందు రంధ్రం చేసి గొంతులో పెట్టిన ట్యూబ్. గురువారం ఇంటికి పోవాలి. అంతకు ముందు ఎవరి సాయమూ లేకుండా ఆమె పదిసార్లు సక్షన్ చేసి చూపించాలని నా రూలు. ఇవాళ ఏడోది. వాడి ట్యూబ్ నాలుగో నంబరు, దానికి ఎనిమిదో నంబరు క్యాథెటర్, కఫం లాగే సన్న గొట్టం. ఎంత లోపలికి పోవాలో మార్కర్‌తో గీత గీసి ఒకటి మంచం కడ్డీకి కట్టాం. పది సెకన్లలో బయటికి రావాలి. ఆమె "ఒకటీ... రెండూ..." అని బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు పైకే లెక్కపెడుతుంది. ఎనిమిదికల్లా తీసేసింది. దిండు పక్కన ఎప్పుడూ రెండు ట్యూబులు ఉండాలి, అదే సైజుది ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి. అదీ చూపించింది. కరెంటు పోతే అని అడిగితే, కాలితో తొక్కే సక్షన్ పంపు మంచం కింద నుంచి లాగి తొక్కి చూపించింది. ఇక్కడ కూడా నా చేతులు వెనకే.

"మొదట్లో నా బిడ్డ గొంతులో గొట్టం పెట్టేకి నాకే చెయ్యి రాలేదు మేడమ్" అంది. "ఇప్పుడు అది కాదు భయం. రాత్రి నిద్రే పట్టదు. వాడు ఏడ్చినా నాకు వినపడదు గదా."

నిజమే. గాలి స్వరపేటిక దాకా పోకుండా ట్యూబ్‌లోంచే వెళ్లిపోతుంది. నోరంతా తెరిచి ఏడుస్తాడు, చప్పుడు రాదు. మానిటర్ గురించి, అలారం లిమిట్ల గురించి ఆమెకు అన్నీ చెప్పాను. ఈ ఒక్కదానికీ నా హ్యాండవుట్‌లో ఏమీ లేదు. ఆమే చెప్పింది, "రెండు కాళ్లకూ మువ్వలు కట్టినా" అని దుప్పటి ఎత్తి చూపించింది. వెండివి, నల్లతాడుకు గుచ్చినవి. ఏడిస్తే కాళ్లు తన్నుకుంటాడట. ఆ సంగతి నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

మధ్యాహ్నం కొనుగోళ్ల మీటింగ్. గంటన్నర. దాని గురించి రాయడానికేమీ లేదు. టీ మాత్రం బాగుంది.

మూడున్నరకు ఎమర్జెన్సీ వాళ్లు పిలిచారు. వారం నుంచి నేను భయపడుతున్నదే. ఇవాళ బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే చెనిక్కాయల (వేరుశనగ) జాతర. బసవన్న గుడి రోడ్డు పొడవునా చెనిక్కాయల రాశులు, చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. ఏడాదిన్నర పాప. తాత ఒలిచి గింజ నోట్లో పెట్టాడు, అదే క్షణంలో ఎవరో బూర ఊదితే పాప ఉలిక్కిపడింది. పొలమారింది, దగ్గింది, దగ్గు తగ్గింది. తగ్గిందని ఇంటికి పోయుంటే ఏమయ్యేదో. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. మదనపల్లె వాళ్లు, హనుమంతనగర్‌లో ఉంటారు.

స్టెతస్కోప్ పెడితే ఎడమవైపు గాలి బాగా పోతోంది, కుడివైపు సన్నగా, ఎక్కడో కూత. ఎక్స్‌రేలో గింజ కనపడదు. దాని వెనక చిక్కుకుపోయిన గాలి వల్ల ఆ వైపు ఊపిరితిత్తి ఉబ్బినట్టుంటే, దాన్నిబట్టి పసిగట్టాలి. ఈ పాపకు అలాగే ఉంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు నమలడానికి దవడపళ్లు సరిగా ఉండవు. గింజ రెండు బద్దలై జారుతుంది, పైగా అందులోని నూనెకు లోపలి పొర వాచిపోతుంది. చెనిక్కాయ చేలల్లో పెరిగినదాన్ని నేను, మా ఊళ్లో చంటిపిల్లల చేతిలో ఎన్నిసార్లు గుప్పెళ్లు పోశామో. ఎలా బతికి బట్టకట్టామో.

ఐదింటికి మత్తిచ్చి, ఊపిరి గొట్టంలోకి కెమెరా దించి (బ్రాంకోస్కోపీ) తీశారు. అర బద్ద, ఎర్ర పొట్టుతో సహా. చిన్న సీసాలో వేసి చూపిస్తే, తాత దాన్ని చాలాసేపు చూశాడు. లాల్చీ జేబు నిండా ఇంకా కాయలున్నాయి. ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టుంది, చెత్తబుట్ట దగ్గరికి వెళ్లి పిడికిలి పిడికిలిగా వేశాడు. "మీ తప్పు కాదు పెద్దాయనా" అన్నాను. "నేనే గదమ్మా పెట్టింది" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్లు దాటేదాకా పొడి కొట్టి పెట్టండి అని మాత్రం చెప్పాను.

ఆరున్నరకు బయటపడ్డాను. మెట్రోలో నేషనల్ కాలేజీ స్టేషన్ వస్తుంటే, నేరుగా ఇంటికి పోవాలనే అనుకున్నాను. కాళ్లు దిగిపోయాయి. జనం తోసుకుంటున్నారు, వేయించిన కాయల వాసన, కొబ్బరి, గాజులు, బూరలు. ఆ బూరలమ్మే వాణ్ని చూస్తే కోపం వచ్చింది, పాపం వాడికేం తెలుసు. రెండు సేర్లు ఉడకబెట్టినవి కొన్నాను.

ఇంటికొచ్చి నేల మీద పేపరు పరుచుకుని ఒలుస్తుంటే ఏడు నలభైకి ఫోన్. చిన్నమ్మాయి. గుండె ఒక్కసారి ఝల్లుమంది. స్పీకర్ పెట్టాను.

"మేడమ్, నాలుగో మంచం బాబుకు ఇందాక ఆక్సిజన్ శాచురేషన్ ఎనభై ఎనిమిదికి పడింది."

కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ముక్కులో గట్టిగా కఫం అడ్డుపడింది మేడమ్. నీళ్లేసి తీశాను. తొంభై ఆరుకు వచ్చింది. డాక్టర్ గారికి చెప్పాను, ఫ్లో మార్చలేదు. నైట్ వాళ్లకు హ్యాండోవర్ ఇచ్చేశాను."

"మరి నాకెందుకు చేశావు?"

"ఊరికే మేడమ్. చెబుదామని."

సరేనమ్మా అన్నాను. ఒలవడానికి ఇంకా సేరున్నర ఉంది.