చిన్నమామ ఈత, పాప ఈసీజీ

మా పాప 400 మీటర్లు పరిగెడుతుంది. జిల్లా మీట్‌కి ముందు ఈసీజీ తీయిద్దామంటే మా ఆయన నవ్వేశారు. "పదిహేనేళ్ల పిల్లకి గుండె పరీక్షేంటే?"

చల్లటి జెల్ పూస్తుంటే పాపకి ఒకటే కితకితలు. రెండుసార్లు తీయాల్సొచ్చింది. నాడి నిమిషానికి 52. నాకు కాళ్లలో వణుకు. బాగా పరిగెత్తేవాళ్ల గుండె ఒక్కసారికే ఎక్కువ రక్తం తోస్తుంది కాబట్టి నెమ్మదిగా కొట్టుకోవడం మామూలేనన్నారు డాక్టరమ్మ.

తర్వాత ఆవిడ అడిగారు: "మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయారా?" లేదనబోయి ఆగాను. మా చిన్నమామ! ఊళ్లో పిల్లలందరికీ ఈత నేర్పినవాడు, ఇరవై రెండేళ్లకి మా మోటబావిలోనే మునిగిపోయాడు. దయ్యం లాగేసిందన్నారు. లాంగ్ క్యూటీ అని వంశపారంపర్యంగా వచ్చే జబ్బుంది, అందులో ఈత కొడుతుండగానే గుండె లయ తప్పొచ్చట. మామకి అదేనని కాదు, ఇప్పుడెవరు చెప్పగలరు? డాక్టరమ్మ మాత్రం ఆ కాగితం మీద గీతల్ని స్కేలుతో మళ్లీ కొలిచారు. ఎకో, అంటే గుండె స్కానింగ్ కూడా రాశారు.

ఇటలీలో పోటీల్లో దిగేవాళ్లకి 1982 నుంచీ ఈసీజీతో కూడిన పరీక్ష తప్పనిసరి. మా మీట్ ఫారంలో అడిగింది బ్లడ్ గ్రూపు, రెండు ఫొటోలు.

ఎకో శుక్రవారం. అందాకా పరుగు వద్దన్నారని పాప నాతో మాట్లాడటం లేదు.