రిచ్‌మండ్‌లో కయాక్ ఎక్కేముందు వెస్ట్‌హామ్ నంబర్ చూడండి

వర్జీనియా రిచ్‌మండ్ చుట్టుపక్కల, అంటే షార్ట్ పంప్, గ్లెన్ ఆలెన్ వైపు ఉండే మనవాళ్ళలో చాలామందికి జేమ్స్ నది అంటే నది మధ్య దీవి బెల్ ఐల్ మీద వాకింగ్, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు బ్రిడ్జి మీద నాలుగు ఫొటోలు, అంతే. కానీ అదే బ్రిడ్జిల కింద, డౌన్‌టౌన్ ఆఫీసు బిల్డింగుల పక్కనే రాపిడ్స్ ఉన్నాయి, అంటే రాళ్ళ మధ్య నీళ్ళు ఉరికే చోట్లు, కష్టాన్ని బట్టి 1 నుంచి 6 దాకా ఇచ్చే క్లాసుల్లో 4 దాకా వెళ్ళేవి. కొండ ప్రాంతం అయిపోయి సముద్ర మైదానం మొదలయ్యే గీత సరిగ్గా ఈ ఊరి మీదుగా పోతుంది, గట్టి గ్రానైట్ రాయి ఇక్కడితో ఆగిపోతుంది, అందుకే ఏడు మైళ్ళలో నది సుమారు 105 అడుగులు కిందికి దిగుతుంది. సముద్రం పోటు కూడా ఇక్కడిదాకానే వస్తుంది, అసలు పడవలు ఇంతకంటే పైకి పోలేకే ఇక్కడ ఊరు పుట్టింది.

ఈ మధ్య మనవాళ్ళు కూడా కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్న పడవలు), గాలి కొట్టే ట్యూబులు కొనుక్కుని దిగుతున్నారు. నాకు చాలా సంతోషం, నిజంగా. కానీ ఒక్క విషయం గట్టిగా చెప్పాలనిపిస్తోంది: ఈ నదిలో ప్రాణాలు తీసేది చూడ్డానికి భయం వేసే రాపిడ్ ఒక్కటే కాదు, మనుషులు కట్టి వదిలేసినవి కూడా. ఊరి మధ్యలో ఉంది, పక్కనే కార్ల శబ్దం, ఏమైనా అయితే ఎవరో ఒకరు చూస్తారులే అని ధైర్యం వచ్చేస్తుంది చూడండి, ఆ ధైర్యమే ప్రమాదం.

ముందు డ్యాముల సంగతి. ఊరికి పైన బోషర్ డ్యామ్ ఉంది, సుమారు 12 అడుగుల ఎత్తు. మనం డ్యామ్ అంటే నాగార్జునసాగర్ ఊహించుకుంటాం, గేట్లు, గోడ, దూరం నుంచే కనపడుతుంది అనుకుంటాం, కానీ ఇది అలా ఉండదు, పై నుంచి వచ్చేవాడికి నీళ్ళు నున్నగా, ప్రశాంతంగా, ఒక అడ్డగీత దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తాయి, అంతే, దగ్గరికి వచ్చేదాకా శబ్దం కూడా సరిగా తెలీదు. గోడ మీంచి పడ్డ నీళ్ళు అడుక్కి వెళ్ళి పైకి లేచి మళ్ళీ గోడ వైపే వెనక్కి తిరుగుతాయి. అందులో పడ్డ మనిషిని ఆ తిరుగుడు పైకి తేలుస్తుంది, గోడ దగ్గరికి లాగుతుంది, మళ్ళీ ముంచుతుంది, వదలదు. లైఫ్ జాకెట్ ఉన్నా బయటపడడం కష్టం, కాపాడ్డానికి వెళ్ళినవాళ్ళూ అందులోనే ఇరుక్కుంటారు. 2022 మే 30, మెమోరియల్ డే రోజు, 12 మంది కలిసి తేలుతూ వచ్చి ఈ బోషర్ డ్యామ్ మీంచి పడిపోయారు, ఇద్దరు అమ్మాయిలు చనిపోయారు. నది అప్పుడు ఎత్తుగా ఉంది. ఆ వార్త చదివాక కొన్ని రోజులు నాకు మనసు మామూలు కాలేదు.

బోషర్ కింద హ్యూగనాట్ ఫ్లాట్‌వాటర్ అని మొదటిసారి దిగేవాళ్ళకి బాగుండే చోటు ఉంది, కానీ దాని కింద మళ్ళీ జడ్ డ్యామ్ వస్తుంది. అక్కడ బోర్డు కనపడగానే ఒడ్డుకి వచ్చేసి కయాక్ మోసుకుని దాటాలి. మోయడం బరువు అని ఎవరైనా గ్రూపులో సణిగితే పట్టించుకోకండి.

రెండోది, పాత మిల్లులు, పాత బ్రిడ్జిలు, పాత డ్యాముల శిథిలాలు. నీళ్ళ కింద కాంక్రీటు ముక్కలు, ఇనుప చువ్వలు ఇంకా ఉన్నాయి. వరదకి కొట్టుకొచ్చిన చెట్లు బ్రిడ్జి స్తంభాలకి అడ్డం పడి ఉంటాయి, నీళ్ళు కొమ్మల మధ్య నుంచి జల్లెడలోలాగా పోతాయి, మనిషి మాత్రం పోలేడు. ఇక్కడివాళ్ళు దీన్ని స్ట్రెయినర్ అంటారు. కనపడితే దూరంగా ఉండాలి, తప్పదు మీద పడుతున్నాం అనిపిస్తే మాత్రం కాళ్ళు ముందు పెట్టకూడదు, తల ముందు పెట్టి బలంగా ఈది చెట్టు మీదకి ఎక్కేయాలి.

ఇక ఈత గురించి. మా గ్రూపులోకి కొత్తగా వచ్చే తమ్ముళ్ళు తరచూ అనే మాట, "అన్నా, నాకు ఈత వచ్చు, బావిలో నేర్చుకున్నా, జాకెట్ ఎందుకు" అని. బావిలో నీళ్ళు కదలవు కదరా! ప్రవాహం స్పీడు రెట్టింపు అయితే అది మనల్ని తోసే బలం నాలుగు రెట్లు అవుతుంది. ఇంకో పెద్ద విషయం, పడవ తిరగబడి నీళ్ళలో పడగానే ఎవరికైనా లేచి నిలబడాలనిపిస్తుంది, మోకాలి లోతే కదా అని. నిలబడకూడదు. పాదం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే నీళ్ళు వీపు మీద తోసి మనిషిని ముందుకి పడేస్తాయి, నడుము లోతు నీళ్ళలో కూడా ప్రాణం పోయేది ఇలాగే. వెల్లకిలా పడుకుని, కాలి వేళ్ళు నీటి పైకి కనపడేలా పెట్టి, పాదాలు ప్రవాహం పోయే వైపు ఉంచి తేలాలి, పక్కన నెమ్మదిగా తిరిగే నీళ్ళు కనపడగానే బోర్లా తిరిగి గట్టిగా అటు ఈదాలి. మేము కొత్తవాళ్ళతో ముందు పోనీ పాస్చర్ అనే నది ఒడ్డు పార్కు దగ్గర, క్లాస్ 1, 2 నీళ్ళలో, పడవ లేకుండా ఇదే ప్రాక్టీస్ చేయిస్తాం. అది బాగా వచ్చాకే రీడీ క్రీక్ దగ్గర దిగి ఊరి మధ్య రన్, అంటే ఫస్ట్ బ్రేక్, హాలీవుడ్, పైప్‌లైన్ రాపిడ్స్. అదీ మొదటిసారి గైడ్‌తో రాఫ్ట్‌లోనే (గాలి నింపిన పెద్ద పడవ) వెళ్ళమంటాను, హెల్మెట్‌తో, ఒడ్డున థ్రో బ్యాగ్ (పడ్డవాళ్ళకి విసిరే తాడు సంచి) పట్టుకున్న మనిషితో. బీరు అన్నీ అయిపోయాక ఇంట్లో.

ఇప్పుడు టైటిల్‌లో రాసిన నంబర్. వెస్ట్‌హామ్ దగ్గర నది ఎత్తు కొలిచే గేజ్ ఉంది, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. 5 అడుగులు అంటే అన్నిచోట్లా 5 అడుగుల లోతు అని కాదు, అది ఒక కొలత గుర్తు మాత్రమే. 5 దాటితే లైఫ్ జాకెట్ వేసుకోవడం రూలు, 9 దాటితే పర్మిట్ లేకుండా దిగకూడదు. నా మటుకు నేను 5 లోపు కూడా జాకెట్ తియ్యను, ఎవర్నీ తియ్యనివ్వను.

ఎండగా ఉంది, వారం నుంచి ఇక్కడ వాన లేదు అని దిగేస్తారు కొందరు. ఈ నది అపలాచియన్ కొండల్లోంచి వస్తుంది, అక్కడ పడ్డ వాన ఒకటి రెండు రోజులకి ఇక్కడికి చేరుతుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయిన సంగతి మనం మర్చిపోగలమా, పైన డ్యామ్ నీళ్ళు వదిలారు, కింద రాళ్ళ మీద ఫొటోలు దిగుతున్న పిల్లలకి తెలీదు. జేమ్స్ అంత హఠాత్తుగా పెరగదు, కానీ పైన ఏం జరుగుతోందో ఇక్కడ నిలబడి చూస్తే కనపడదు అనేది మాత్రం రెండుచోట్లా ఒకటే. అందుకే పొద్దున నంబర్ ఒక్కటే కాదు, అది పెరుగుతోందా తగ్గుతోందా, రేపటి అంచనా ఎంత, అది కూడా చూడండి.

మార్చి, ఏప్రిల్‌లో గాలి వెచ్చగా ఉన్నా నీళ్ళు చల్లగానే ఉంటాయి, పడితే ఊపిరి బిగుసుకుపోతుంది, చేతులు కాసేపట్లోనే మొద్దుబారతాయి, వెట్‌సూట్ (ఒంటికి అంటుకుని వెచ్చగా ఉంచే డ్రెస్) కావాలి. పెద్ద వాన తర్వాత రెండు మూడు రోజులు నీళ్ళలోకి వద్దు, రిచ్‌మండ్ పాత డ్రైనేజీలో వాన నీళ్ళు, మురుగు ఒకే పైపులో పోతాయి, పొంగితే నదిలోకే. 2035 లోపు దీన్ని సరిచేయాలని రాష్ట్రం చట్టం చేసింది, అప్పటిదాకా మన జాగ్రత్త మనదే.

పిల్లలతో, పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు బెల్ ఐల్ ఉత్తరం వైపు రాళ్ళ మీద కూర్చుంటే హాలీవుడ్ రాపిడ్‌లో కయాక్‌లు దూకడం ఎదురుగా కనపడుతుంది, చాలా బాగుంటుంది. అక్కడ మాత్రం పాదాలు కడుక్కుందామని కూడా ఎవర్నీ నీళ్ళలోకి దిగనివ్వకండి, రాయి నాచు పట్టి జారుతుంది, కిందే రాపిడ్. నీళ్ళలో ఆడుకోవాలంటే పిల్లలకి జాకెట్లు వేసి, నంబర్ తక్కువ ఉన్న రోజు పోనీ పాస్చర్‌కి తీసుకెళ్ళండి. వేసవి శని, ఆదివారాలు పార్కింగ్ తొందరగా నిండిపోతుంది, పొద్దున తొమ్మిదిలోపు వెళ్ళిపోండి.