పక్కటెముకలకు కట్టు ఉండదు

పక్కటెముక విరిగితే కట్టు వేయరు. ఈ సంగతి నాకు ఆసుపత్రి మంచం మీద తెలిసింది. తెరచాప పడవ మీద దెబ్బ తగిలి పక్కటెముకలు విరిగాయి. కాలర్ బోన్, అంటే మెడ కింద భుజం దాకా ఉండే ఎముక, మధ్యలో విరిగి ముక్కలు పక్కకి జరిగిపోయాయి, ఆపరేషన్ చేసి ప్లేటు వేస్తాం అన్నారు. మరి పక్కటెముకల సంగతేమిటండీ అని అడిగితే, "వాటికి మీరు బాగా ఊపిరి పీల్చుకోవడమే వైద్యమమ్మా" అన్నారు డాక్టరుగారు. పూర్వం ఛాతీ చుట్టూ గుడ్డతో బిగించి కట్టేవారట. అలా కడితే ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోవు, కఫం లోపలే నిలిచిపోయి న్యుమోనియా రావచ్చని ఇప్పుడు మానేశారు. నొప్పికి భయపడి పైపైన పీల్చినా అదే ప్రమాదం. నొప్పి మాత్రలు టైముకి వేసుకోమని అంతగా చెప్పేది అందుకే. నొప్పి అదుపులో ఉంటేనే గుండెల నిండా గాలి తీసుకోగలం, గట్టిగా దగ్గగలం.

నేను విశాఖలో లెక్కల టీచర్ని. తెరచాప పడవ నడపడం నాకు ప్రాణం. 2017 సెప్టెంబరులో ఆరుగురు మహిళా నేవీ ఆఫీసర్లు ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ ఎక్కి గోవా నుంచి బయల్దేరారు, భూమి చుట్టూ తిరిగి 2018 మేలో మళ్లీ గోవా చేరారు. వాళ్లలో స్వాతిగారిది మన వైజాగే. ఆ వార్తలు చదివిన ఊపులో, నలభై దగ్గర పడుతుండగా పడవ నేర్చుకున్నాను. మేం నడిపేది ఎంటర్‌ప్రైజ్ అనే రకం, పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, ఇద్దరు మనుషులు, రెండు తెరచాపలు. చుక్కానీ పెద్ద తెరచాపా నావి. ముందుండే చిన్న తెరచాప, జిబ్, నా జోడీది. ఇంజనీరింగ్ చదివే పిల్ల, నన్ను అక్కా అంటుంది.

దెబ్బ తగిలింది ఎండాకాలం మొదట్లో. ఆ రోజుల్లో మధ్యాహ్నం దాటాక ఇక్కడ గాలి నైరుతి నుంచి తీరం వెంబడే వీస్తుంది. రుషికొండ నుంచి తెన్నేటి పార్కు వైపు వెళ్లాలంటే గాలికి ఎదురుగా అటూ ఇటూ మలుపులు తిప్పుకుంటూ పోవాలి. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి సూటిగా వీపు మీద ఉంటుంది. పెద్ద తెరచాపని పూర్తిగా ఒక పక్కకి వదిలేసి హాయిగా వస్తాం. కానీ ఆ స్థితిలో గాలి కాస్త దిశ మార్చుకున్నా, వెనక నుంచి వచ్చిన అల పడవ తోకని ఎత్తి తిప్పినా, గాలి అవతలి వైపు నుంచి దూరి తెరచాపని ఒక్క విసురుతో ఇవతలి పక్కకి తెచ్చేస్తుంది. దాంతోపాటు బూమ్ కూడా వస్తుంది. తెరచాప అడుగు అంచుని పట్టి ఉంచే పొడవాటి కడ్డీ అది. ఆ రోజు గాలీ అలా ఒకేసారి పనిచేశాయి. బూమ్ నా ఎడమ భుజం మీద కొట్టింది, ఆ ఊపుకి పడవ అంచు మీద పక్కటెముకలు ఆనేలా పడ్డాను.

పడవ తిరగబడలేదు. పిల్ల ముందు తెరచాప వదిలేసి, వెనక్కి పాకి చుక్కాని అందుకుని పడవని గాలికి ఎదురుగా ఆపింది. జోడుగుళ్లపాలెం వైపు వెళ్తున్న ఫైబర్ బోటు వాళ్లు చూసి దగ్గరికి వచ్చారు. అందులో పెద్దాయన తన తువ్వాలు విప్పి, నా చెయ్యి ఛాతీకి ఆనించి మెడ చుట్టూ ముడేశాడు. "సెయ్యి కదపకమ్మా, ఒడ్డుకెళ్లిపోదాం, ఏటీ కాదు" అంటూనే ఉన్నాడు దారంతా. తర్వాత ఎమర్జెన్సీలో నర్సు ఆ కట్టు చూసి, బాగా కట్టారు, ఎక్స్‌రే అయ్యేదాకా ఉండనివ్వండి అంది. ఆయన్ని మళ్లీ కలిశాను, తువ్వాలు కొత్తది ఇస్తే తీసుకోలేదు.

తలకి దెబ్బ లేదని స్కాన్‌లో తేలింది, ఆపరేషన్ మామూలుగానే జరిగింది. అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది.

మూడు గొట్టాలు, మూడు బంతులు ఉన్న ప్లాస్టిక్ పరికరం ఇచ్చారు, స్పైరోమీటర్. పైపు నోట్లో పెట్టుకుని లోపలికి పీల్చాలి. గొట్టాల మీద 600, 900, 1200 అని ఉంటుంది, సెకనుకి ఎన్ని మిల్లీలీటర్ల గాలి లాగితే ఏ బంతి లేస్తుందో ఆ లెక్క. మొదట్లో మొదటి బంతే అడుగున వణికేది. అది కాస్త పైకి లేవగానే ఎడమ పక్కన పొడిచినట్టయ్యి ఊపిరి తెగిపోయేది. అమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుని "లేచింది లేచింది, ఆపు, ఆపు, కొంచెంసేపు పట్టు" అనేది. దగ్గు వస్తే దిండు పక్కటెముకలకి గట్టిగా హత్తుకుని దగ్గమన్నారు. దాని వల్ల ఎంత తేడానో చెప్పలేను, ఎవరికైనా ఈ దెబ్బ తగిలితే నేను ముందు చెప్పేది దిండు గురించే. తుమ్ముకి మాత్రం ఏ ఉపాయమూ లేదు.

వెల్లకిలా పడుకుంటే లేవలేకపోయేదాన్ని. అటక మీదున్న తాతగారి పడక కుర్చీ దింపించి, అందులోనే నిద్ర. జడ మా ఆయన వేసేవారు. మొదట్లో రెండు పాయలే చేసి మెలిపెట్టేవారు, అమ్మ దగ్గర నేర్చుకుని మూడు పాయలకి వచ్చారు. తిరుపతి నుంచి పిన్ని ఫోన్ చేసి పుత్తూరు తీసుకురండి, కట్టు కట్టిద్దాం అంది. ప్రేమతోనే అంది. కానీ లోపల ప్లేటూ స్క్రూలూ ఉన్నాయి, పక్కటెముకల కింద ఊపిరితిత్తి ఉంది, ఆ రెండింటి జోలికీ ఇంకెవరినీ రానివ్వనని చెప్పాను. అమ్మ నల్లేరు పచ్చడికి మాత్రం కాదనలేదు. చేతులకి నూనె రాసుకుని నల్లేరు లేత కణుపులు ఏరి, పీచు తీసి, చింతపండు వేసి చేసేది. ఎముక దానివల్లే అతికిందని ఆవిడ నమ్మకం. వేడన్నంలో నెయ్యి వేసుకుని తిన్నంతసేపూ నాకూ అలాగే అనిపించేది.

ఫిజియోథెరపీ బల్ల మీదికి వంగి చెయ్యి వేలాడదీసి గుండ్రంగా ఊపడంతో మొదలైంది. తర్వాత గోడ మీద వేళ్లతో పాకించడం, కర్ర పట్టుకుని మంచి చేత్తో రెండో చేతిని లేపడం, ఆ తర్వాత రబ్బరు బ్యాండ్లు. పెద్దవాళ్లలో కాలర్ బోన్ అతకడానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు అంటారు. నాది కూడా ఆ లోపే అతికింది. ఎక్స్‌రే చూపించి, ఇక మీ పనులు మీరు చేసుకోవచ్చు అన్నారు డాక్టరుగారు.

నా పనుల్లో పడవ కూడా ఉంది. చిన్న పడవ అన్నాక బోల్తా పడుతుంది, అది ఆటలో భాగం. పడ్డప్పుడు నీళ్లలోంచి అడుగుపలక (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగి ఉండే పలక) మీదికి ఎక్కి, వెనక్కి వాలి పడవని లేపాలి, లేచాక అంచు పట్టుకుని ఒంటిని లోపలికి లాక్కోవాలి. నేను ఎక్కలేకపోతే ఆ పిల్ల ఒక్కతే గాలిలో పడవనీ నన్నూ చూసుకోవాలి. అందుకే నీళ్లలోంచి నా అంతట నేను పడవ ఎక్కగలిగిన రోజే సముద్రం మీదికి వెళ్తానని తేల్చుకున్నాను. ఈ మాట చెబితే ఫిజియో మేడమ్ చాలా సంతోషించారు. చాలామంది నొప్పి తగ్గగానే రావడం మానేస్తారట, ఫలానా పని చేయగలగాలి అని వచ్చేవాళ్లు తక్కువట. ముందు గోడకి ఆనుకుని పుషప్‌లు, తర్వాత బల్ల మీద, ఆ తర్వాత ఈతకొలనులో నిచ్చెన పట్టుకోకుండా గట్టు మీదికి ఎక్కడం.

గట్టు దగ్గరే చాలాకాలం ఆగిపోయాను. మోచేతుల దాకా లేచేదాన్ని, అక్కడ ఎడమ చెయ్యి వణికి నీళ్లలోకి జారిపోయేదాన్ని. ఆ రోజుల్లో మన నేవీలో పనిచేసిన తెరచాప నావికుడు అభిలాష్ టోమీ గురించి మళ్లీ చదివాను. 2018 సెప్టెంబరులో ఒంటరిగా భూమి చుట్టూ తిరిగే గోల్డెన్ గ్లోబ్ రేసులో ఉండగా దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకి ఆయన పడవ పల్టీ కొట్టింది, తెరచాప కొయ్యలు విరిగాయి, వెన్నెముక దెబ్బతింది. కదల్లేక పడి ఉన్న ఆయన్ని ఫ్రెంచి నౌక ఒసిరిస్ వచ్చి కాపాడింది. వెన్నుకి టైటానియం వేశారు. అలాంటి మనిషి 2022లో అదే రేసుకి మళ్లీ వెళ్లి 2023 ఏప్రిల్‌లో రెండోవాడిగా వచ్చారు. చదువుతుంటే ఏడుపొచ్చింది. ఆయన ఎక్కడ, నేనెక్కడ, కానీ నడక దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టిన మనిషి ఒకరున్నారంటే ఆ గట్టు నాకు అంత ఎత్తుగా అనిపించలేదు.

శరీరంలో ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పలేదు. మచ్చ కింద అరచేయంత మేర చర్మానికి స్పర్శ తగ్గిపోయింది. కాలర్ బోన్ మీదుగా వెళ్లే సన్నటి నరాలు ఆపరేషన్లో దెబ్బతినడం మామూలేనట, కొంత తిరిగి వస్తుంది, కొంత రాకపోవచ్చు. భయం కూడా ఎక్కడో అక్కడే కూర్చుంది. డాబా మీద తడి దుప్పటి గాలికి టప్పుమని కొట్టుకుంటే చాలు, భుజం దానంతటదే బిగుసుకునేది. ఆ శబ్దం తెరచాప పక్క మారే శబ్దమే. మా ఆయన దుప్పట్లు ఇంట్లో ఆరేద్దామన్నారు. వద్దన్నాను, అక్కడే కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని.

చివరికి రుషికొండ దగ్గర, కోచ్ మోటారు బోటులో పక్కనే ఉండగా, పడవని కావాలనే బోల్తా కొట్టించాం. అడుగుపలక మీదికి నేనే ఎక్కాను. పడవ లేచింది. అంచు పట్టుకుని కాళ్లు తన్నుతూ పొట్ట దాకా వచ్చాను, లైఫ్ జాకెట్ అంచుకి తట్టుకుంది, ఇంకోసారి తన్ని లోపల పడ్డాను. "అక్కా, వచ్చేశావ్!" అని పిల్ల అరిచిన అరుపుకి ఒడ్డున ఉన్నవాళ్లు కంగారు పడ్డారట.

ఇప్పుడు వెళ్తున్నాను, కానీ చుక్కాని పిల్ల చేతిలో ఉంది, జిబ్ నాది. తిరుగు దారిలో గాలిని సూటిగా వీపు మీద పెట్టుకోకుండా కొంచెం పక్కగా వస్తున్నాం, పక్క మార్చే ముందు తను గట్టిగా "తిప్పుతున్నా" అంటుంది, నేను "ఊఁ" అన్నాకే తిప్పుతుంది. ప్లేటు తీయించాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. ఇబ్బంది పెడితేనే తీద్దాం అంటున్నారు డాక్టరుగారు. లైఫ్ జాకెట్ పట్టీ సరిగ్గా దాని మీదే ఒత్తుతుంది, లోపల స్పాంజి ముక్క కుట్టించాను, ప్రస్తుతానికి సర్దుకుపోతోంది.