సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిన లోతు సముద్రపు చేప

చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సెక్కితే పక్క సీటాయన మొదట అడిగేది "కొండకా?" అనే. ఈసారి కాదన్నాను. చేపను చూడ్డానికి వెళ్తున్నానంటే ఆయన అదోలా చూసి కిటికీ వైపు తిరిగాడు. తిరుపతిలో రీసెర్చి చేస్తున్న మా మేనకోడలు ముందురోజు రాత్రి ఫోన్ చేసింది. "మామా, చెన్నై కాసిమేడు రేవు నుంచి లోతు సముద్రం చేపలు రెండు వస్తున్నాయి. పాడవకుండా ఉంచే ఫార్మలిన్ మందులో ఇంకా పెట్టలేదు. పొద్దున్నే తల కోస్తాం, రా." ఇన్నేళ్లుగా జువాలజీ పాఠం చెబుతున్నా, అలాంటి చేపను సీసాలో తప్ప నేను చూసింది లేదు.

పూతలపట్టు, పాకాల, చంద్రగిరి దాటి తిరుపతి చేరేసరికి ఎండ ముదిరింది. ఐస్ డబ్బా పట్టుకుని సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిన కుర్రాడు అప్పటికే ల్యాబ్‌లో ఉన్నాడు. లోతు నీటి రొయ్యల కోసం ట్రాలర్లు వల దించితే ఇవీ కలిసి వస్తాయని, కూరకు అడిగేవాళ్లు లేరని చెప్పాడు.

మూత తీశాం. మూరెడు చేప. పెద్ద తల, అంతకు మించిన కళ్లు, గడ్డం కింద వేలాడే చిన్న మీసం. తోక సన్నబడుతూ పోయి, రెక్క లేకుండానే ముగిసింది. ర్యాట్‌టెయిల్, అంటే ఎలుకతోక చేపల కుటుంబమని తోక చూడగానే తెలిసిపోతుంది. ఏ జాతో తేల్చే అసలు పని అక్కడి నుంచే. ఆ కుటుంబంలో 300కు పైగా జాతులున్నాయి. పైగా అంత లోతు నుంచి లాక్కొచ్చేటప్పుడు పీడనం తగ్గి గాలితిత్తి ఉబ్బుతుంది, కళ్లు బయటికి పొడుచుకొస్తాయి, వల రాపిడికి పొలుసులు రాలిపోతాయి. రంగునూ ఆకారాన్నీ నమ్ముకుంటే లాభం లేదు.

మేనకోడలు మొప్ప మూత ఎత్తి, దాని కింది పొరను పట్టి ఉంచే సన్నటి ఎముక పుల్లలను సూదితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఏడు. ఆరుంటే జాతిని వెతికే దారి వేరే వైపు వెళ్లేది. తర్వాత నా చూపుడు వేలు పట్టుకుని వెన్ను మీది మొదటి రెక్క ముల్లు వెంట కింది నుంచి పైకి రాయించింది. దగ్గరి బంధువుల్లో చాలావాటికి అక్కడ రంపపు పళ్లు తగులుతాయి. దీనికి నున్నగా ఉంది. వెల్లకిలా తిప్పితే పొట్ట మీద, మలద్వారానికి ముందు, పొలుసుల్లేని నల్లటి మచ్చలు రెండు. అది కాంతి అవయవం. వెలుగునిచ్చే బ్యాక్టీరియా అందులో కాపురముంటుంది. పొట్ట నొక్కితే వచ్చే ఆ వెలుగు ద్రవాన్ని పోర్చుగల్ జాలర్లు ఎర ముక్కలకు పూసేవారట! ఈ గుర్తులన్నీ కలిపితే మాలకోసెఫాలస్ లేవిస్ అని తేలింది. 1843లో అట్లాంటిక్‌లోని మడైరా దీవి చేపను చూసి ఇంగ్లిషు ప్రకృతి శాస్త్రవేత్త లోవ్ వర్ణించిన జాతి. మన వైపు నీళ్లలోనూ ఉంది.

"చెవి లోపలుండే రాయి, అదే చెవిరాయి, కూడా ఒప్పుకోవాలి కదా మామా" అంది మేనకోడలు. పుర్రె పైకప్పును కత్తెరతో తెరిచి, మెదడును పక్కకు జరిపింది. వెనక భాగంలో రెండు వైపులా తెల్లగా మెరిశాయి. చేపకు చెవిరాళ్లు మూడు జతలు. చాలా సముద్రపు చేపల్లో సజిట్టా అనేదే పెద్దది. మన చెరువుల శీలావతి, బొచ్చెల్లో అది సూది ముక్కంతే, వేరే రాయి పెద్దదిగా ఉంటుంది. అందుకే వాటి తలలు తినేవాళ్లకు సజిట్టా పంటి కింద పడదు. సముద్రపు కచిడి, గొరస తినేవాళ్లకైతే ఆ రాయి బాగా తెలుసు.

రాయిని కడిగి, నల్ల గుడ్డ మీద పెట్టి మైక్రోస్కోప్ కింద చూశాను. కందిపప్పు బద్దంత ఉంది. అంచులు చిన్న చిన్న నొక్కులతో ఉన్నాయి. లోపలి ముఖం మీద పొడుగునా ఒక గాడి, నడుమ నొక్కుకుపోయి రెండు గదులైంది. ఆ నొక్కు దగ్గర గాడి కింది అంచున చిన్న గట్టు. కాడ్ చేపల వర్గానికి గుర్తు ఆ గట్టే, మన ర్యాట్‌టెయిల్ కూడా ఆ వర్గానిదే. ఎంతసేపు చూశానో! వినికిడికీ, ఒంటి సమతూకానికీ పనికొచ్చే కాల్షియం కార్బొనేట్ ముక్క మీద వంశం గుర్తు ఇంత స్పష్టంగా ఉంటుందని పుస్తకంలో చదివినప్పుడు నాకు పట్టలేదు.

ఈ రాయిలో వయసూ ఉంటుంది. రోజుకో సన్నటి పొర పేరుతుందని 1971లో పన్నెల్లా అనే శాస్త్రవేత్త చూపించారు. ఆరెంజ్ రఫీ అనే లోతు చేప వందేళ్లు దాటి బతుకుతుందని తెలిసిందీ చెవిరాళ్ల వల్లే. ఆలస్యంగా పెద్దవయ్యే చేపను వలేసి ఊడ్చేస్తే మళ్లీ కోలుకోవడానికి తరాలు పడతాయి. అందుకే కూరకు పనికిరాదని పారేసే తలలు చూస్తే నాకు బాధగా ఉంటుంది. 1888 నుంచి 1892 వరకు ఇన్వెస్టిగేటర్ అనే సర్వే నౌకలో సర్జన్‌గా ఉన్న ఆల్‌కాక్ మన సముద్రపు లోతుల చేపలను ఓపికగా వర్ణించి పెట్టారు. ఆ పనికి ఇప్పుడు రాళ్లు తోడైతే ఎంత బాగుంటుందో. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఫార్మలిన్ పాతబడి ఆమ్లంగా మారితే రాయిని కరిగించేస్తుంది. ముందు రాయి తీసి, పొడిగా చిన్న సీసాలో దాచి, ఆ తర్వాతే చేపను ముంచాలి.

మధ్యాహ్నం రెండోది తీశాం. మొనదేలిన ముక్కు, పుల్లలు ఆరు. సీలోరింకస్ ప్రజాతి, అంటే జాతికి పై మెట్టు. పొలుసులు ఒక్కటీ మిగల్లేదు. చెవిరాయి తీస్తే ఒకటి పగిలింది, రెండోది బాగుంది. దగ్గరి జాతుల బొమ్మలతో పోల్చితే రెండింటికి సరిపోయింది. చిన్న చేపల్లో రాయి ఆకారం ఇంకా తేలదని మేనకోడలు చెప్పింది. లేబుల్ మీద ప్రజాతి పేరు, పొడవు, కాసిమేడు, తేదీ రాసి, జాతి పేరు రాసే చోటు ఖాళీగా వదిలేసింది.